విద్యార్థుల రేసు కారుకు సస్పెన్షన్ భాగాల సేకరణ

ఫార్ములా ఎస్‌ఏఈ, ఫార్ములా స్టూడెంట్ వంటి పోటీల కోసం ఇంజనీరింగు విద్యార్థులు తామే రూపకల్పన చేసి నిర్మించే కారు ఒక్కరు కూర్చొనే చిన్న రేసు కారు. ఈ కారు చట్రాన్ని చక్రాలతో కలిపి, నేల ఎగుడుదిగుళ్ళను తట్టుకొంటూ టైర్లు నేలను విడవకుండా చూసే వ్యవస్థను సస్పెన్షన్ అంటారు. దీనికి కావలసిన భాగాలను ఎంపిక చేయడం, కొనడం, చేయించడం, వచ్చిన వాటిని పరీక్షించడం అన్నీ కలిపి సస్పెన్షన్ భాగాల సేకరణ అవుతుంది. కారు నిర్మాణానికి సాధారణంగా ఒక విద్యా సంవత్సరమే వ్యవధి ఉంటుంది. పోటీ తేదీ ఏ జట్టు కోసమూ వాయిదా పడదు. అందువలన గీతల మీద ఎంత మంచి రూపకల్పన ఉన్నా, సమయానికి చేరని ఒక్క భాగం వలన సంవత్సరపు శ్రమ అంతా వృథా కావచ్చు. గడువు తరుముతుండగా బలహీనమైన భాగాన్ని బిగిస్తే ప్రమాదం నడిపే విద్యార్థికే.

పోటీల నేపథ్యం

ఈ పోటీలకు మూలం 1979లో అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో జరిగిన మినీ ఇండీ అనే పోటీ. 1980ల మొదట్లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఇది ఫార్ములా ఎస్‌ఏఈ అనే కొత్త రూపం దాల్చింది. 1998లో బ్రిటన్‌లో ఫార్ములా స్టూడెంట్, 2006లో జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా స్టూడెంట్ జర్మనీ మొదలయ్యాయి. భారతదేశంలో ఎస్‌ఏఈ ఇండియా నిర్వహించే సుప్రా, కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ ఈ కోవకు చెందినవి.

ఫార్ములా ఎస్‌ఏఈలో మొత్తం 1000 పాయింట్లు ఉంటాయి. రూపకల్పనకు 150, ఖర్చుల నివేదికకు 100, వ్యాపార ప్రణాళికకు 75 కేటాయించారు. మిగిలిన 675 పాయింట్లు కారు ట్రాకు మీద నడిస్తేనే లభిస్తాయి. వీటిలో సుమారు 22 కి.మీ. దూరం సాగే ఓర్పు పరీక్షకే 275 పాయింట్లు ఉన్నాయి. తనిఖీలో నెగ్గని కారును ట్రాకు మీదకు అనుమతించరు.

నియమాలు విధించే హద్దులు

భాగాలను ఎంచుకొనే ముందు నియమాలను పరిశీలించాలి. ముందు, వెనుక చక్రాలన్నింటికీ షాక్ అబ్సార్బర్లతో కూడిన, నిజంగా పనిచేసే సస్పెన్షన్ ఉండాలి. డ్రైవరు కూర్చొని ఉండగా చక్రం కనీసం 50 మి.మీ. మేర పైకి, కిందికి కదలగలగాలి. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 1525 మి.మీ.కు తగ్గరాదు. వంపు పరీక్షలో కారును 60 డిగ్రీల కోణానికి పక్కకు వంచినపుడు అది బోర్లా పడరాదు.

సస్పెన్షన్‌లో వాడే బోల్టులు మెట్రిక్ పద్ధతిలో 8.8 గ్రేడు గానీ అంతకన్న మెరుగైనవి గానీ కావాలి. 8.8 అనే గుర్తులో మొదటి అంకె ఆ ఉక్కు తెగే బలాన్ని (800 మెగాపాస్కల్) తెలుపుతుంది. రెండవ అంకె, ఆ బలంలో 0.8 వంతు వద్ద (640 మెగాపాస్కల్) అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందని చెబుతుంది. నట్టు దానంతట అది వదులు కాకుండా ఆపే ఏర్పాటు తప్పనిసరి. స్ప్రింగు వాషరునూ, మరలకు పూసే జిగురునూ ఇందుకు ఆమోదించరు. లాకు నట్టు బిగించిన తరువాత బోల్టుకు కనీసం రెండు పూర్తి మరలు బయటకు కనబడాలి.

కావలసిన భాగాలు

ఈ కార్లలో ఎక్కువగా ప్రతి చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు విష్‌బోన్లు (ఏ ఆకారపు చేతులు) ఉండే అమరికను వాడతారు. వీటి బయటి కొసలు అప్‌రైట్ అనే భాగానికి కలుస్తాయి. అప్‌రైట్‌లో బేరింగులు, వాటిలో హబ్, హబ్‌కు చక్రం అమరుతాయి. చక్రం కదలికను పుష్‌రాడ్ అనే కడ్డీ రాకర్ అనే తిరిగే పలకకు, రాకర్ షాక్ అబ్సార్బరుకు అందిస్తాయి.

సేకరణ ఎంత పెద్ద పనో లెక్కిస్తే తెలుస్తుంది. ఒక్కొక్క విష్‌బోన్‌కు మూడు కీళ్ళు చొప్పున రెండింటికి ఆరు, పుష్‌రాడ్‌కు రెండు, చక్రం దిశను నిర్ణయించే టై రాడ్‌కు రెండు కలిపి ఒక చక్రానికి పది కీళ్ళు. నాలుగు చక్రాలకు నలభై. ప్రతి కీలుకు ఒక రాడ్ ఎండ్ లేదా గోళాకార బేరింగు, ఒక బోల్టు, ఒక లాకు నట్టు, స్పేసర్లు కావాలి. పరీక్షలలో పాడయ్యే వాటి కోసం అదనపు భాగాలు కూడా తెచ్చుకోవాలి.

పుష్‌రాడ్, టై రాడ్‌ల పొడవును విప్పకుండానే సరిచేయాలంటే ఒక కొసకు కుడి మర, రెండవ కొసకు ఎడమ మర ఉన్న రాడ్ ఎండ్‌లు అవసరం. కడ్డీని తిప్పినపుడు రెండు కొసలూ ఒకేసారి బయటకు గానీ లోపలికి గానీ జరుగుతాయి. కుడి మర భాగాలు చాలా దుకాణాలలో దొరుకుతాయి కానీ ఎడమ మర భాగాలు అరుదు. చివరి వారంలో వెతుక్కొనే వస్తువులలో ఇది సాధారణంగా ముందుంటుంది.

కొనడమా, చేయించడమా

భాగాలను మూడు రకాలుగా విభజించవచ్చు. షాక్ అబ్సార్బర్లు, టైర్లు, రాడ్ ఎండ్‌లు, బేరింగులు కొనవలసినవి. విష్‌బోన్లు, రాకర్లు, అప్‌రైట్లు, హబ్‌లు చేయించుకొనేవి. మూడవ రకం, ఇతర వాహనాల నుండి తీసి వాడుకొనేవి. పర్వత సైకిళ్ళకు తయారయ్యే షాక్ అబ్సార్బర్లను తేలికగా ఉంటాయని అనేక జట్లు వాడాయి. భారతీయ జట్లలో మారుతి 800 కారు స్టీరింగు రాక్‌ను, చక్రం వద్ద ఉండే పోత భాగాలను వాడే అలవాటు ఉండేది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది.

పాత కారు భాగాలు చవక, వెంటనే దొరుకుతాయి, బలానికి కొదవ లేదు. అయితే అవి వందల కిలోల బరువైన కార్ల కోసం చేసినవి కనుక బరువు ఎక్కువ. చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే బరువు పెరిగిన కొద్దీ టైరు నేలను అంటిపెట్టుకొని ఉండడం కష్టమవుతుంది. 7075 రకం అల్యూమినియం దిమ్మెను చెక్కి చేసిన అప్‌రైట్ తేలికగా ఉంటుంది కానీ దానికి సి.ఎన్.సి. యంత్రం మీద ఎక్కువ సమయం పడుతుంది. ఏది మేలన్నది జట్టు వద్ద మిగిలి ఉన్న వారాలను బట్టి నిర్ణయించవలసిన విషయం.

ఆర్డరు పెట్టే క్రమం

ఒక భాగం కొలత తెలియనిదే మరొక భాగాన్ని గీయలేరు. సస్పెన్షన్‌లో ఈ గొలుసు టైరుతో మొదలవుతుంది. టైరును బట్టి చక్రం, చక్రం లోపలి ఖాళీని బట్టి అప్‌రైట్, అప్‌రైట్‌ను బట్టి విష్‌బోన్ కీళ్ళ స్థానాలు, వాటిని బట్టి చట్రం మీద వెల్డింగు చేయవలసిన బ్రాకెట్లు నిర్ణయమవుతాయి. రాడ్ ఎండ్ పరిమాణం తేలనిదే బ్రాకెట్ వెడల్పు తేలదు. షాక్ అబ్సార్బర్ పొడవు తెలియనిదే రాకర్ ఆకారం కుదరదు. కనుక మొదట ఖరారు చేయవలసినవి టైర్లు, షాక్ అబ్సార్బర్లు, రాడ్ ఎండ్‌లు. టైర్ల గుణగణాలు తెలుసుకోవడానికి 2005లో ఏర్పడిన ఫార్ములా ఎస్‌ఏఈ టైర్ టెస్ట్ కన్సార్టియం సభ్య జట్లకు పరీక్షల సమాచారం అందిస్తుంది.

గడువును పోటీ తేదీ నుండి వెనుకకు లెక్కించాలి. ఉదాహరణకు పోటీ జనవరి చివరి వారంలో ఉందనుకొందాం. కారును నడిపి చూడడానికి నాలుగు వారాలు, బిగింపుకు రెండు, వెల్డింగుకూ చెక్కుడు పనికీ నాలుగు, కొనుగోళ్ళకు ఎనిమిది వారాలు కేటాయిస్తే మొత్తం పద్దెనిమిది వారాలు. అంటే సెప్టెంబరు మూడవ వారానికే ఆర్డర్లు వెళ్ళాలి. తెలుగు రాష్ట్రాలలో ఈ మధ్య కాలంలోనే దసరా, దీపావళి, సెమిస్టరు పరీక్షలు, చివరగా సంక్రాంతి వస్తాయి. సంక్రాంతికి పనివారు ఊళ్ళకు వెళ్ళడం వలన చిన్న వర్క్‌షాపులు కొన్ని రోజుల పాటు మూతబడతాయి. విదేశాల నుండి వచ్చే భాగాలకు కస్టమ్స్ సుంకం, అక్కడి జాప్యం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రత్యామ్నాయం వాడితే కలిగే మార్పులు

కోరిన భాగం రానపుడు దానికి దగ్గరగా ఉన్న మరొకదానిని వాడాలన్న ఆలోచన సహజం. సస్పెన్షన్‌లో ఒక మార్పు అనేక మార్పులకు దారి తీస్తుంది.

షాక్ అబ్సార్బరును ఉదాహరణగా తీసుకోవచ్చు. చక్రం 1 మి.మీ. కదిలినపుడు షాక్ అబ్సార్బర్ 0.8 మి.మీ. కదిలేలా రాకరును రూపొందించారనుకొందాం. చక్రం 50 మి.మీ. కదలాలంటే షాక్ అబ్సార్బరుకు కనీసం 40 మి.మీ. కదలిక ఉండాలి. కోరినది రాక, 38 మి.మీ. కదలిక గలది దొరికితే చక్రం కదలిక 47.5 మి.మీ. మాత్రమే అవుతుంది. రెండు మి.మీ. లోటుతో కారు తనిఖీలో నిలిచిపోతుంది. రాకరును మార్చి నిష్పత్తిని 0.7కు తెస్తే చక్రం కదలిక 54 మి.మీ. దాటుతుంది. కానీ చక్రం వద్ద గట్టిదనం ఈ నిష్పత్తి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, మునుపటి గట్టిదనం నిలవాలంటే సుమారు 31 శాతం గట్టి స్ప్రింగు కావాలి. షాక్ అబ్సార్బర్ మీద పడే బలం కూడా సుమారు 14 శాతం పెరుగుతుంది. అందుచేత రాకరును, దాని బ్రాకెట్‌ను మళ్ళీ లెక్క చూడాలి.

రాడ్ ఎండ్‌ల విషయంలో 8 మి.మీ. బదులు 6 మి.మీ. వాడడం మరింత ప్రమాదకరం. 8 మి.మీ. మరకు బలాన్ని మోసే అడ్డుకోత వైశాల్యం 36.6 చదరపు మి.మీ. కాగా 6 మి.మీ. మరకు 20.1 చదరపు మి.మీ. మాత్రమే. రాడ్ ఎండ్‌లు లాగుడు, నొక్కుడు బలాలకు తయారైనవి. వాటి మర భాగం వంగే విధంగా బిగించడం పెద్ద తప్పుగా రూపకల్పన న్యాయనిర్ణేతలు భావిస్తారు. వంపును తట్టుకొనే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 6 మి.మీ. కడ్డీకి 8 మి.మీ. కడ్డీ శక్తిలో సగం కూడా ఉండదు.

అంగుళాల కొలతకు, మెట్రిక్ కొలతకు తేడాను కూడా గమనించాలి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. ఈ బోల్టు 8 మి.మీ. రంధ్రంలో సులువుగా దిగుతుంది కానీ అక్కడ సన్నని వదులు మిగులుతుంది. ఒక్కొక్క కీలు వద్ద ఇటువంటి వదులు చేరితే చక్రం చేతితో ఊపినా కదులుతుంది. స్టీరింగు తిప్పినపుడు కారు ఆలస్యంగా స్పందిస్తుంది.

స్థానికంగా లభించేవి

హైదరాబాదులోని బాలానగర్ ప్రాంతంలో చెక్కుడు పని చేసే చిన్న పరిశ్రమలు, సికింద్రాబాదు రాణీగంజ్‌లో యంత్ర సామగ్రి దుకాణాలు, విజయవాడ ఆటోనగర్‌లో వాహన మరమ్మతు, విడిభాగాల దుకాణాలు అనేకం ఉన్నాయి. చక్రపు బేరింగులు, 8.8 గ్రేడు బోల్టులు, లాకు నట్లు వంటివి ఇటువంటి బజార్లలో దొరికే అవకాశం ఎక్కువ.

బేరింగు కొనేటపుడు దాని సంఖ్యను చదవడం తెలిసి ఉండాలి. సాధారణంగా 04 మొదలుకొని చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది. ఉదాహరణకు 61814 అనే బేరింగు లోపలి వ్యాసం 14ను 5తో గుణించగా వచ్చే 70 మి.మీ. దీని వెలుపలి వ్యాసం 90 మి.మీ., మందం 10 మి.మీ. ఇలా సంఖ్య చెప్పి అడిగితే దుకాణదారు వద్ద లేకున్నా మరొక చోట నుండి తెప్పించగలడు.

వచ్చిన భాగాల పరీక్ష

భాగాలు అందిన రోజే వాటిని కొలవాలి. రాడ్ ఎండ్ గోళం చేతితో కదిపినపుడు వదులు లేకుండా తిరగాలి. బోల్టు తల మీద గ్రేడు గుర్తు, తయారీదారు గుర్తు ఉండాలి. ఏ గుర్తూ లేని బోల్టును, అది ఎంత మెరుస్తున్నా, సస్పెన్షన్‌లో వాడరాదు. విష్‌బోన్ గొట్టంలోకి రాడ్ ఎండ్ మర ఎంత లోతు దిగిందో తెలుసుకొనేందుకు చిన్న రంధ్రం ఉంచడం మంచి పద్ధతి. వెల్డింగు చేసిన నమూనా విష్‌బోన్‌ను లాగుడు యంత్రం మీద తెగే వరకు పరీక్షిస్తే అతుకుల బలం తెలుస్తుంది. తెగవలసి వస్తే పరీక్షశాలలోనే తెగాలి.

చివరి రోజులలో పాటించవలసినవి

గడువు దగ్గర పడినపుడు దేనిని వదులుకోవచ్చో, దేనిని వదులుకోరాదో ముందే రాసుకోవడం అవసరం. సర్దుబాటు చేయగల యాంటీ రోల్ బార్ లేకున్నా కారు నడుస్తుంది. తేలికైన కార్బన్ ఫైబరు కడ్డీలకు బదులు ఉక్కు గొట్టాలు వాడితే కొంత బరువు పెరుగుతుంది, అంతే. కానీ బోల్టు గ్రేడు, కీళ్ళ పరిమాణం, వెల్డింగు నాణ్యత, లాకు నట్లు రాజీకి వీలులేనివి. వేగంగా పోతున్న కారులో కింది విష్‌బోన్ కీలు ఊడితే ఆ చక్రం మీద బ్రేకు గానీ స్టీరింగు గానీ పనిచేయదు.

ఖర్చుల నివేదికలో ప్రతి భాగాన్నీ చూపాలి కనుక ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, ఆర్డరు పెట్టిన నాటి నుండి చేతికి రావడానికి ఎన్ని రోజులు పట్టింది అనే వివరాలను మొదటి నుండి నమోదు చేయడం మేలు. ఈ జట్లలో సభ్యులు ఏటా చదువు ముగించుకొని వెళ్ళిపోతారు. తరువాత వచ్చే విద్యార్థులకు పాత కారు కన్న ఆ పట్టికే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఏ భాగం ఆలస్యమవుతుందో ముందే తెలిసిన జట్టు దానినే మొదట ఆర్డరు చేస్తుంది.