చిన్న కుక్కకు వణుకు వచ్చినప్పుడు

మన తాతముత్తాతలు నాటాల్ చెరకుతోటల బారకాసులలో కాపురమున్న కాలమున కుక్క స్థానము గుమ్మము బయటనే. నేడు చాట్స్‌వర్త్‌లో గాని, టోంగాట్‌లో గాని, మన ఇండ్లలో చివావా, పామరేనియన్ వంటి చిన్న కుక్కలు మంచము ప్రక్కనే పడుకొనుచున్నవి. అందుచేత వాని ఒంటిలో కలుగు ప్రతి వణుకును మనము చూచుచున్నాము, చూచి భయపడుచున్నాము. ఏది మామూలు వణుకో, ఏది మూర్ఛయో తెలిసికొనుట మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము దీనిని దెబ్బ తిని నేర్చుకొన్నాము. కొన్నేండ్ల క్రిందట ఒక రాత్రి మా చివావా ప్రక్కకు ఒరిగి పడి, కాళ్ళు ఈత కొట్టినట్లు ఆడించినది. నోట నురుగు వచ్చినది. ఇంట్లో అందరము కేకలు వేసినాము. మా అమ్మ తాళపుచెవుల గుత్తి తెచ్చి, "ఇనుము పట్టించు నాయనా!" అన్నది. పట్టుకొనుటకు కుక్కకు చేయి ఎక్కడిది? నాలుక మ్రింగునేమోనని దాని నోటిలో వ్రేలు పెట్టినాము. అది గట్టిగా కరచినది. తరువాత పశువైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని నిమిషములు ఉన్నది?" అని. ఒకరము రెండు అన్నాము, ఒకరము పది అన్నాము. నిజము ఎవరికీ తెలియదు.

ముందుగా తేడా తెలిసికొందాము. చలికి, భయమునకు చిన్న కుక్క వణకును. అప్పుడు దానికి తెలివి ఉండును, పిలిచిన చూచును. నిద్రలో కాళ్ళు ఆడించిన కుక్క, పేరు పెట్టి పిలిచిన లేచును. కండరము పట్టినప్పుడు ఒక కాలు బిగుసుకొనును, ముట్టిన నొప్పికి అరచును, అయినను మనలను గుర్తించును. చిన్న జాతులలో మోకాటి చిప్ప ప్రక్కకు జారుట కూడ సాధారణము. అప్పుడు కుక్క వెనుక కాలు ఎత్తి నాలుగడుగులు గెంతి, మరల మామూలుగా నడచును.

పెద్ద మూర్ఛ వేరు. కుక్క పడిపోవును, దవడ బిగియును, పిలిచినను పలుకదు, తెలియకుండ మూత్రము పోవచ్చును. తరచుగా ఒకటి రెండు నిమిషములలో ఆగును. పిమ్మట కొంతసేపు తూలుచు, గోడలకు తగులుచు, ఇంటివారినే ఎరుగనట్లు ఉండును.

కారణములు పలు విధములు. మెదడులో వేరే రోగమేమియు కనబడకుండ వచ్చు మూర్ఛ ఎక్కువగా ఆరు నెలలకు, ఆరేండ్లకు నడుమ మొదలగును. మిక్కిలి చిన్న కూనలు పూటతిండి తప్పిన రక్తములో చక్కెర తగ్గి పడిపోవును. పాలిచ్చు తల్లికుక్కకు ఈనిన మొదటి వారములలో కాల్షియము తగ్గి ఒళ్ళు బిగియవచ్చును. తోటలో నత్తలకు చల్లు మందు, చాక్లెట్టు, జైలిటాల్ కలిసిన చక్కెర లేని చూయింగ్ గమ్ము, ఇవి కుక్కకు విషములు. ఇట్టి సందర్భములలో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

మూర్ఛ వచ్చినప్పుడు మొదట గడియారము చూడుడు. కుర్చీలు, బల్లలు ప్రక్కకు తీయుడు. మెట్ల దగ్గర ఉన్న పడకుండ అడ్డు పెట్టుడు. దీపము తగ్గించి, మాటలు తగ్గించుడు. నోటిలో చేయి గాని, చెంచా గాని, నీరు గాని పెట్టరాదు. కుక్క తన నాలుకను మ్రింగదు. వీలైన ఒకరు ఫోనులో వీడియో తీసిన వైద్యునికి మిక్కిలి ఉపకారము. అయిదు నిమిషములు దాటినను, ఒక దినములో రెండవసారి వచ్చినను వెంటనే వైద్యుని వద్దకు పోవలెను. ఎక్కువసేపు నిలిచిన మూర్ఛలో ఒంటివేడి పెరిగి ప్రాణమునకే ముప్పు కలుగును. మనము వాడు నొప్పి మాత్రలు ఎన్నడును వేయరాదు. వైద్యుడు మూర్ఛకు ఇచ్చిన మందును, కుక్క బాగున్నదని మనంతట మనము ఆపరాదు.

క్వాజులు-నాటాల్‌లో ఉన్న మనము ఇంకొకటి మరువరాదు. ఇక్కడ కుక్కలలో రేబీసు ఉన్నది. మూర్ఛ వచ్చిన ప్రతి కుక్కకు రేబీసు కాదు. కాని గుణము మారి, దవడ వ్రేలాడి, చొంగ కార్చుచు, తూలుచున్న కుక్కను, అందును టీకా లేని దానిని, ముట్టరాదు. వెంటనే పశువైద్యశాఖకు తెలుపవలెను. కరచిన గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే క్లినిక్కుకు పోవలెను. మేమును అట్లే చేసినాము. మా కుక్క టీకా చీటీ బీరువాలో ఉండుటచేత మా భయము కొంత తగ్గినది. చట్టము కోరుచున్నదని మాత్రమే కాదు, ఇంటిలోని పిల్లల కొరకు ఆ టీకా తప్పక వేయించుడు.

మా చివావా ఇప్పుడు మాత్రలతో బాగున్నది. ఎప్పుడైన మూర్ఛ వచ్చిన, తేదీ, వేళ, నిమిషములు, ముందు తిన్నది, అన్నియు ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నాము. మొన్న వచ్చినప్పుడు మా అమ్మ తాళపుచెవులు వెదకలేదు. గోడ గడియారము వంక చూచి, "ఒక నిమిషము అయినది నాయనా, చేయి పెట్టకు" అన్నది.