ఆ 95 శాతం దేనిది?

డిగ్రీ స్టాటిస్టిక్స్ జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు తరచూ ఎదురయ్యే సంగతి ఇది: లెక్కంతా సరిగ్గా ఉంటుంది, చివరి వాక్యం మాత్రం తప్పుగా ఉంటుంది. అరలీటరు పాల ప్యాకెట్లను ఉదాహరణగా తీసుకుందాం. యాదృచ్ఛికంగా ఎంచిన 25 ప్యాకెట్లను కొలిస్తే సగటు 496 మిల్లీలీటర్లు, క్రమ విచలనం 8 వచ్చాయనుకుందాం. 8ని 25 వర్గమూలంతో భాగిస్తే 1.6. పాతిక పరిశీలనలకు టి పట్టిక ఇచ్చే విలువ 2.064. ఈ రెంటినీ గుణిస్తే 3.3. సగటుకు అటూ ఇటూ అంత మేర జరిగితే 492.7 నుంచి 499.3. ఇదే ప్యాకెట్లన్నిటి సగటుకు 95 శాతం విశ్వాస అంతరం. తరగతిలో అందరూ అనేది కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అనే.

ఇంతదాకా చక్కగా వచ్చిన విద్యార్థి "95 శాతం ప్యాకెట్లలో పాలు 492.7, 499.3 మధ్య ఉంటాయి" అని ముగిస్తాడు. మరో పత్రంలో "మొత్తం ప్యాకెట్ల సగటు ఈ రెంటి మధ్య ఉండే సంభావ్యత 0.95" అని కనిపిస్తుంది. రెండూ తప్పే. కానీ రెంటి వేర్లు వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి "వివరణ తప్పు" అని ఎర్ర సిరాతో రాస్తే ఏ ఒక్కటీ పోదు.

మొదటి తప్పు ఎందుకు జరుగుతుంది?

సగటు గురించి చెప్పే మాటను విడివిడి ప్యాకెట్ల మీదికి జరపడం వల్ల. దీన్ని సిద్ధాంతంతో కాదు, ఆ 25 కొలతలతోనే సరిచేయాలి. "నీ పట్టికలో 492.7కూ 499.3కూ మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అంటే చాలు. క్రమ విచలనం 8 ఉండి, కొలతలు నార్మల్ వంపులో పరచుకుని ఉంటే ఆ ఇరుకు సందులో పడేది మూడింట ఒక వంతు. అంటే ఏ ఎనిమిదో దొరుకుతాయి. ఇరవైమూడో ఇరవైనాలుగో ఉంటాయని నమ్మినవాడికి ఎనిమిదే దొరికితే ఇక చెప్పాల్సిన పని ఉండదు. ప్యాకెట్లు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో చెప్పేది 8. వాటి సగటు మన చేతికి ఎంత కచ్చితంగా దొరికిందో చెప్పేది 1.6. ఈ రెంటినీ ఏ తరగతిలోనూ ఒకే ఊపిరిలో చెప్పకూడదని నా అభిప్రాయం. మధ్యలో ఒక రోజు పోయినా ఫరవాలేదు.

మరి రెండో వాక్యంలో తప్పేముంది?

ఇది లోతైన ప్రశ్న. దీన్ని అడిగిన విద్యార్థిని మెచ్చుకోవాలి, ఎందుకంటే ఎదిగిన పరిశోధకులకే ఇది పట్టుబడలేదు. 2014లో హూక్‌స్ట్రా, ఆయన సహ రచయితలు ఒక అధ్యయనం ప్రచురించారు. విశ్వాస అంతరం గురించిన ఆరు వాక్యాలను 120 మంది మనస్తత్వశాస్త్ర పరిశోధకులకూ, 442 మంది విద్యార్థులకూ ఇచ్చి ఏవి సరైనవో చెప్పమన్నారు. ఆరూ తప్పే. అయినా పరిశోధకులు సగటున మూడింటికి పైగా సరైనవేనని ఒప్పుకున్నారు. ఏమీ నేర్చుకోని విద్యార్థులకూ వాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. కాబట్టి లోపం పిల్లల బుద్ధిలో లేదు, మనం చెప్పే వరుసలో ఉంది.

ఈ పద్ధతిని 1934లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు పెట్టి, 1937లో పూర్తి సిద్ధాంతంగా మలిచినవాడు యెర్జీ నైమన్. ఆయన లెక్కలో ప్యాకెట్లన్నిటి సగటు ఒక స్థిర సంఖ్య. మనకు తెలియకపోవచ్చు గానీ అది కదలదు. కదిలేది నమూనా. ఈ వేళ ఈ పాతిక ప్యాకెట్లు చేతికొస్తే ఒక అంతరం, రేపు వేరే పాతిక వస్తే మరో అంతరం. సంభావ్యత ఉన్నది ఈ ఎంపికలో. ప్యాకెట్లను ఎంచకముందు "నేను వేయబోయే అంతరం అసలు సగటును పట్టుకునే సంభావ్యత 0.95" అనడం పూర్తిగా ఒప్పు. ఎంచి, కొలిచి, 492.7, 499.3 అని రాసేశాక కదిలేదేమీ మిగల్లేదు. రెండు స్థిర సంఖ్యలు, వాటి మధ్య ఉన్నదో లేదో తెలియని మూడో స్థిర సంఖ్య. ఉంటే ఉంది, లేకపోతే లేదు. 95 శాతం అనేది పద్ధతి గుణం. ఈ ఒక్క జంట సంఖ్యలది కాదు.

ఇదే మాటను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా పిల్లలు బట్టీపడతారే తప్ప నమ్మరు. నమ్మించాలంటే అసలు సగటు తెలిసిన చోట ఆట ఆడించాలి.

ఎలా ఆడించాలి?

కళాశాలలో మూడు వందల మందిని "ఇంటి నుంచి ఇక్కడికి రావడానికి ఎన్ని నిమిషాలు?" అని అడిగి, ఒక్కో జవాబునూ ఒక్కో చీటీ మీద రాసి పెట్టెలో వేయండి. మొత్తం సగటు మీరు ముందే కట్టి, మడిచి జేబులో పెట్టుకోండి. తరగతిలో అరవై మంది ఉంటే ప్రతి ఒక్కరూ 25 చీటీలు తీయాలి. ఒక్కోటి తీసి, రాసుకుని, మళ్లీ పెట్టెలో వేసి, కలిపి, తర్వాతది తీయాలి. అందరూ సగటూ, క్రమ విచలనమూ, అంతరమూ కడతారు. బల్ల మీద అడుగున నిమిషాల కొలబద్ద గీసి, ఎవరి అంతరాన్ని వాళ్లు ఒక అడ్డగీతగా గీయాలి, ఒకదాని కింద ఒకటిగా. గీతలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు జరిగి ఉంటాయి; పొడవులూ సమానంగా ఉండవు.

జేబులోని కాగితం విప్పకముందు ఆగండి. ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైన నిమిషం ఇదే. "మీలో ఎవరి గీత తప్పింది?" అని అడగండి. ఎవరూ చెప్పలేరు. తన గీతను ఎంతసేపు చూసినా, అది పట్టుకున్న గీతో తప్పిన గీతో ఆ గీతలో ఎక్కడా రాసి ఉండదు. నిజ జీవితంలో సర్వే చేసేవాడు ఎప్పుడూ నిలబడేది ఇక్కడే: చేతిలో ఒకే గీత, జేబులో కాగితం లేదు.

తర్వాత కాగితం విప్పి నిలువుగీత గీయండి. అరవైలో ముగ్గురికి అటూ ఇటూగా తప్పుతుంది. సరిగ్గా ముగ్గురే తప్పడం నాలుగు తరగతుల్లో ఒకదానిలో కూడా జరగదని ముందే లెక్క వేసి ఉంచుకోండి. ఒకరే తప్పినా ఐదుగురు తప్పినా కంగారు పడక్కర్లేదు. గీత తప్పిన అమ్మాయిని బల్ల దగ్గరికి పిలిచి ఆమె లెక్కను అందరి ముందూ సరిచూడండి. కూడికలో గానీ భాగహారంలో గానీ పొరపాటు ఉండదు. ఆమె చేసింది అందరూ చేసిందే. చీటీలు అలా వచ్చాయి. పద్ధతి సరైనదే, లెక్క సరైనదే, అయినా అంతరం తప్పవచ్చు. ఇది ఆమె నోటితోనే చెప్పించగలిగితే తరగతి గెలిచినట్టే.

ఇక్కడ ఒక చురుకైన విద్యార్థి తప్పక అడుగుతాడు: "అయితే సార్, సగటు ఇక్కడ ఉండే అవకాశం ఇంత అని ఎప్పటికీ చెప్పలేమా?" చెప్పవచ్చు, వేరే దారిలో. కొలవకముందు సగటు గురించి మనకున్న అంచనాను కూడా లెక్కలో పెట్టే బేస్ పద్ధతి ఆ మాట అనడానికి అనుమతిస్తుంది. దానికి ఆ ముందస్తు అంచనా ఏమిటో చెప్పి తీరాలి. నైమన్ పద్ధతి వాడి బేస్ వాక్యం రాయడమే ఇక్కడి తప్పు.

మరి ఏం రాయాలి? "ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ నమూనాలు తీస్తే నూటికి 95 అంతరాలు అసలు సగటును పట్టుకుంటాయి, మాకు దొరికిన అంతరం 492.7 నుంచి 499.3." కాస్త పొడవే. కానీ దీని తర్వాత ఇంకో వాక్యం రాయించాలి, చాలామంది మాస్టర్లు వదిలేసేది: "500 ఈ అంతరంలో లేదు, కాబట్టి ప్యాకెట్ల సగటు కవరు మీద రాసినంత ఉందనడం ఈ కొలతలతో పొసగదు." ఆ వెంటనే 99 శాతానికి కట్టించండి. పట్టిక విలువ 2.797 అవుతుంది, అంతరం 491.5 నుంచి 500.5. ఇప్పుడు 500 లోపలికి వచ్చేసింది! ఎక్కువ భరోసా కావాలంటే ఎక్కువ వెడల్పు ఒప్పుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. నమూనా పెంచితే 95 కాస్తా 99 అవుతుందనే అపోహ కూడా ఇక్కడే తీరుతుంది. 100 ప్యాకెట్లు కొలిస్తే భరోసా 95 దగ్గరే ఉంటుంది, వెడల్పు దాదాపు సగమవుతుంది. సగం కావాలంటే నాలుగింతలు కొలవాలి.

సూత్రం మార్చి ఇంకా ఇరుకు చేయలేమా అని అడిగేవాళ్లకు సి.ఆర్. రావు గారి పేరు చెప్పాలి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయన, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఒక హద్దుకన్నా తక్కువ ఊగిసలాడలేదని 1945లో నిరూపించారు. నార్మల్ కొలతల విషయంలో మన మామూలు సగటు సరిగ్గా ఆ హద్దు మీదే నిలుస్తుంది.

అంతరం దేన్ని చూడదు?

1879లో ఆల్బర్ట్ మైకెల్సన్ అమెరికాలోని అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీలో కాంతి వేగాన్ని కొలిచాడు. ఆయన వంద కొలతల సగటు, గాలిలో, సెకనుకు 299,852.4 కిలోమీటర్లు, క్రమ విచలనం 79. తరగతి చేత 95 శాతం అంతరం కట్టిస్తే 299,837 నుంచి 299,868 వస్తుంది. ఎంత ఇరుకో చూడండి. శూన్యంలో కాంతి వేగం 299,792.458 అని నేడు తెలుసు; గాలిలో ఇంకాస్త తక్కువ. రెంటిలో ఏదీ ఈ అంతరంలో లేదు. చీటీల అమ్మాయికి పట్టిన దురదృష్టం లాంటిది కాదిది. కొలిచే ఏర్పాటే ప్రతిసారీ ఒకే వైపుకు ఎక్కువ చూపింది. వంద కొలతలకు బదులు పది వేలు తీసుకున్నా ఆ తప్పుడు చోటు చుట్టూ అంతరం మరింత బిగిసేది, అంతే. విశ్వాస అంతరం లెక్కలోకి తీసుకునేది ఎంపికలోని అదృష్టాన్నే. వంకర తక్కెడను, ఒకే దుకాణంలో కొన్న ప్యాకెట్లను, అబద్ధం చెప్పిన జవాబులను అది చూడదు.

పరీక్షలో ఈ పాఠానికి ఐదు మార్కులుంటే రెండు లెక్కకూ మూడు వాక్యానికీ ఇవ్వండి. అంతరం కట్టి ఇచ్చేసి, "రేపు ఇంకో 25 ప్యాకెట్లు కొలిస్తే వాటి సగటు 492.7, 499.3 మధ్య పడడం నూటికి 95 సార్లు జరుగుతుందా?" అని అడగండి. జరగదు. కొత్త నమూనా సగటూ ఊగుతుంది, పాతదీ అసలు చోటు నుంచి కొంత జరిగే ఉంటుంది. అందుకే ఇలాంటి జతలన్నిటి మీదా చూస్తే 83, 84 సార్లే పడుతుంది. ఎందుకు తగ్గిందో రెండు వాక్యాల్లో రాసిన విద్యార్థికి, అంకె రాయకపోయినా, మూడు మార్కులూ ఇచ్చేయవచ్చు.