చిన్న పెట్టెలో పెద్ద వేడి

రావులపాలెం అరటి మార్కెట్టు పేరు మీరు వినే ఉంటారు. పండుతున్న గెలలను గాలి ఆడకుండా కుప్ప పోస్తే లోపల వేడెక్కుతాయి. పుట్టిన వేడికి బయటకు పోయే దారి ఉండదు మరి! చిన్న పెట్టెలో అమర్చిన కంప్యూటరుకూ ఇదే చిక్కు.

ప్రాసెసరు వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. 65 వాట్ల ప్రాసెసరు అంటే, పాతకాలపు 60 వాట్ల బల్బు వేడి తపాలా బిళ్ళంత చోట పుట్టడమన్నమాట! ఆ వేడిని లాగి గాలికి అప్పగించేదే కూలరు. ఇది వేసవిలో గదిలో పెట్టుకునే కూలరు కాదు సుమా! అడుగున లోహపు దిమ్మ, దానిపై పలుచని అల్యూమినియం రేకులు, ఆపైన ఫ్యాను, అంతే. కొన్నింటిలో రాగి గొట్టాలూ ఉంటాయి. వాటిలోని కొద్దిపాటి నీరు వేడి చోట ఆవిరై, చల్లని చోట మళ్ళీ నీరవుతూ వేడిని మోసుకుపోతుంది.

పెట్టె పొట్టిదైతే కూలరూ పొట్టిదే కావాలి. ఆస్ట్రియాలోని నోక్టువా సంస్థ కూలరు ఒకటి ఫ్యానుతో కలిపి 37 మిల్లీమీటర్ల ఎత్తే ఉంటుంది. అయితే ఎత్తు తగ్గితే రేకుల వైశాల్యమూ తగ్గుతుంది. అప్పుడు ఫ్యాను వేగంగా తిరగాలి, చప్పుడు పెరుగుతుంది.

మరి ఎలా ఎంచుకోవాలి? ముందు పెట్టెలో ఖాళీ ఎత్తు కొలవండి. తర్వాత ప్రాసెసరు వాట్లు చూడండి. మూడవది వేసవి! గది గాలికన్నా చల్లగా ఏ ఫ్యానూ ప్రాసెసరును ఉంచలేదు. గాలికన్నా 50 డిగ్రీలు ఎక్కువలో నిలిపే కూలరు ఉందనుకోండి. 25 డిగ్రీల గదిలో ప్రాసెసరు 75 డిగ్రీల వద్ద ఉంటుంది. 40 డిగ్రీల మే మధ్యాహ్నం 90కి చేరుతుంది! 100 డిగ్రీల దరిదాపుల్లో చాలా ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి.

కనుక కూలరును జనవరిలో కొన్నా, లెక్క మాత్రం మే నెలకు వేయండి.