సమాధానం, నిరీక్షణ: పల్లె ప్రార్థన గురించి కొన్ని మాటలు

దళిత ఉద్యమంలో తిరిగే మిత్రులు మమ్మల్ని తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మనం మీటింగు పెడితే ముప్పైమంది రారు. ఉపవాస ప్రార్థన అంటే గూడెం గూడెమంతా వచ్చి కూర్చుంటుంది. ఈ ప్రార్థన మన జనాన్ని లేపుతోందా, జోకొడుతోందా?" వెటకారంగా అడిగినా బాధతో అడిగినా ఇది దాటేసే ప్రశ్న కాదు. ఎర్రజెండా కింద పెరిగి వచ్చిన మిత్రులకు మతం మత్తుమందు అన్న ముక్క ఒక్కటే నోటికొచ్చు. ఆ ముక్క ఉన్నచోటే మార్క్స్ పీడితుల బాధ గురించి ఏం రాశాడో చదివినవాళ్లు తక్కువ. మరోపక్క చర్చి పెద్దలు ప్రార్థన అంటే ఆత్మకు సంబంధించిన విషయమనీ, కూలికీ కులానికీ ముడిపెట్టొద్దనీ అంటారు. ఈ రెండు మాటలూ గూడెంలో మోకాళ్లేసే మనిషిని చూడకుండా అన్నవే.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగు బైబిలు చదివే ఇంట్లో శాంతి అనే మాట కన్నా సమాధానం అనే మాట ఎక్కువ వినపడుతుంది. ఆశ అనే చోట నిరీక్షణ అంటారు. బడికెళ్లే పిల్లవాడికి సమాధానం అంటే ప్రశ్నకు రాసే జవాబు. ఊళ్లో తగువు తెగినప్పుడు "ఇద్దరూ సమాధానపడ్డారు" అంటాం. అంటే ఒకోసారి న్యాయం, ఒకోసారి వట్టి రాజీ. ఇక నిరీక్షణ అంటే మామూలు తెలుగులో ఎదురుచూడటం. బస్సు కోసం, పట్టా కోసం, కోర్టు వాయిదా కోసం. కాబట్టి పల్లెలో ఒక అమ్మ "సమాధానం దయచెయ్యి ప్రభువా" అన్నప్పుడు ఆ మాటలో మనశ్శాంతీ ఉంది, జవాబివ్వమనే అడగటమూ ఉంది, సర్దుకుపొమ్మనే ప్రమాదమూ ఉంది. మిత్రుల ప్రశ్నంతా ఈ మూడర్థాల మధ్యే తిరుగుతోంది. ఏ అర్థం ఎప్పుడు పైకొచ్చిందన్నది చరిత్రలో వెతకాలి.

ఒంగోలు ప్రార్థన కొండ కథ చర్చిలో పెరిగినవాళ్లందరికీ తెలుసు. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున మిషనరీ జూవెట్ కొద్దిమందితో ఆ కొండెక్కి మోకరించాడు. మిషన్ చరిత్రలు ఆ కథను వందసార్లు చెప్పాయి. మనవాళ్ల ప్రార్థన కథలు మాత్రం అంతగా చెప్పలేదు. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య మాల. ఏ మిషనరీ ముఖమూ చూడకముందే, దేవుడు ఒక్కడే అన్న మాట చెవినబడి, ఆ దేవుడి పేరు తెలియకుండానే ప్రార్థన మొదలుపెట్టాడు. నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనబడు అని అడిగే ప్రార్థన అది. బెజవాడలో డార్లింగ్ దొరను కలిసింది ఆ తర్వాతే. 1859లో బాప్తిస్మం పొందాడు. అలాగే తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రైస్తవుడు కాకముందు రాజయోగం సాధన చేసినవాడు. గురువు దగ్గర కూర్చుని లోపలి సత్యం కోసం వెతికిన మనిషి. అంటే ప్రార్థన మనకు ఓడలో దిగుమతైన సరుకు మాత్రమే కాదు. గుడి గడప తొక్కనివ్వని సమాజంలో దేవుడితో నేరుగా మాట్లాడాలన్న ఆరాటం వాడల్లో ముందే ఉంది. మిషనరీ దానికొక పేరూ, పుస్తకమూ, బడీ తెచ్చాడు.

1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాక జరిగింది కూడా గమనించాలి. పైకులాలవాళ్లు కొందరు ఆయన బోధ విన్నారు, పిల్లల్ని బడికి పంపారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం మేం రామని తెగేసి చెప్పారు. ఆయన మాదిగల వైపు నిలబడ్డాడు. చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇప్పుడు చదివితే ఇవేవో మడి నియమాల్లా కనపడతాయి. ఆ రోజుల ఊరి కట్టుబాట్లలో పెట్టి చూడండి. మాదిగవాడికి వారంలో ఒక రోజు తనది అని చెప్పుకునే హక్కు ఎక్కడిది? కాపు పిలిస్తే పోవాలి, మోట తోలాలి, జాతరకు డప్పు కొట్టాలి. ఆదివారం మేం ప్రార్థనకు పోతున్నాం, రాం అన్నారంటే అది పనికి రానని చెప్పడమే. జాతరలో డప్పు కొట్టమనడం వెట్టిని కాదనడమే. ఊరివాళ్లకు ఆ సంగతి వెంటనే అర్థమైంది. నీళ్లు ఆపారు, పనులు ఆపారు, దొంగకేసులు పెట్టారు. ప్రార్థన అంత అమాయకమైన వ్యవహారమే అయితే దానికింత కోపం దేనికి?

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని సహాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యం కోసం మారారని మనల్ని ఇప్పటికీ ఎత్తిపొడిచేవాళ్లు ఈ ఒక్క విషయం చదివితే చాలు. అయితే కరువుతో సంబంధమే లేదని మేం అనం. కరువులో ఎవరు పక్కన నిలబడ్డారో జనం చూశారు. రేపు తిండి దొరుకుతుందో లేదో తెలియని మనిషి, తన పేరు పెట్టి పిలిచే దేవుడినీ, తనను లెక్కలో రాసుకునే సంఘాన్నీ వెతుక్కోవడంలో తప్పేముంది?

పేరు పెట్టి పిలవడం అన్న సంగతి దగ్గర కాస్త ఆగాలి. పల్లె ప్రార్థనలో అసలు బలం అక్కడే ఉందని మా అభిప్రాయం. గుడిలో పూజారి మంత్రం చదువుతాడు, భక్తుడు చేతులు కట్టుకుని నిలబడతాడు. గృహ ప్రార్థనలో పాస్టరు రెండు మాటలు చెప్పి "అక్కా, నువ్వు ప్రార్థన చెయ్యి" అంటాడు. నాట్లేసి వచ్చిన ఆడమనిషి కొంగు తలమీదికి లాక్కుని, పదిమంది మధ్య గొంతెత్తి పది నిమిషాలు మాట్లాడుతుంది. చూసి చదివే ప్రార్థన కాదు, తన మాటలే. కొడుకు జ్వరం, మొగుడి తాగుడు, వడ్డీవాడి మాటలు, మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి అన్నీ అందులో వస్తాయి. వినేవాళ్లు మధ్యలో ఆమెన్ అంటారు. అంటే ఆమె బాధకు సాక్షులవుతారు. ఆ తర్వాత సాక్ష్యం చెప్పేటప్పుడు అదే మనిషి జరిగింది మొదటినుంచీ చివరిదాకా వరసగా చెప్తుంది. మన మీటింగుల్లో మైకు ముందు తడబడకుండా మాట్లాడే ఆడవాళ్లలో చాలామంది ఈ బళ్లోనే నేర్చుకున్నారు. ఉద్యమం ఈ అప్పును ఒప్పుకోదు, అది వేరే సంగతి.

బైబిలులో హన్నా కథ స్త్రీల కూడికల్లో ఎందుకంత ఇష్టంగా చెప్పుకుంటారో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లలు లేని హన్నా గుళ్లో ఏడుస్తూ పెదాలు మాత్రం కదుపుతుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుంటాడు. ఆమె ఊరుకోదు, నేను తాగలేదయ్యా, దుఃఖంలో ఉన్నాను అని ఎదురు చెప్తుంది. తన దుఃఖాన్ని పెద్దలు తాగుడుగా, తప్పుగా, మూర్ఖత్వంగా చూడటం మన ఆడవాళ్లకు కొత్త కాదు. లూకా సువార్తలో విధవరాలి ఉపమానమూ అలాంటిదే. దేవుడికీ మనిషికీ భయపడని న్యాయాధికారి చుట్టూ ఆమె విసుగు లేకుండా తిరుగుతుంది, చివరికి అతనే విసిగి తీర్పు చెప్తాడు. ప్రార్థన గురించి చెప్పడానికి యేసు ఎంచుకున్న బొమ్మ ధ్యానంలో కళ్లు మూసుకున్న ముని కాదు, కోర్టు మెట్లెక్కే పేదరాలు. కీర్తనల గ్రంథంలో సగం దాకా స్తుతి కాదు, ఫిర్యాదే. దేవుడా నన్ను మర్చిపోయావా, ఎన్నాళ్లిలా అని నిలదీసే పాటలు అందులో ఎన్నో ఉన్నాయి. ప్రసంగాల్లో ఇరవైమూడో కీర్తన వినపడినంతగా పదమూడో కీర్తన వినపడదు. అది కీర్తనల లోపం కాదు, ప్రసంగీకుల ఎంపిక.

నిరీక్షణ అనే మాటకు ఎంత బరువుందో చెప్పాలంటే కారంచేడు, చుండూరు చెప్పాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో గాని రాలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, పదహారేళ్లు ఆగితే, 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఈ రెండు పల్లెల్లోనూ క్రైస్తవ కుటుంబాలున్నాయి. చచ్చినవాళ్ల కోసం ప్రార్థన జరిగింది, ధర్నా జరిగింది, సాక్ష్యం చెప్పడానికి కోర్టుకూ పోయారు. ఒకటి చేసినందుకు ఇంకోటి మానలేదు. ప్రార్థన తీర్పు తేలేదు. కానీ పదహారేళ్లపాటు సాక్షులు మనసు విరగకుండా నిలబడాలంటే లోపల ఏదో ఆసరా ఉండాలి. సంఘం కొంత, నాయకులు కొంత, ప్రార్థన కొంత. ఎవరికి ఏది ఎంత అని తూకం వెయ్యడం మా పని కాదు.

ఇంతవరకూ చెప్పింది ఒక వైపు. రెండో వైపు చెప్పకపోతే మేం కూడా ప్రసంగీకులమే అవుతాం. అంబేడ్కర్ మతం మారినవాళ్ల స్థితి మీద రాసిన వ్యాసం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1989లో మహారాష్ట్ర ప్రభుత్వ సంపుటాల్లో అచ్చయింది. అందులో ఆయన వేసిన దెబ్బ గట్టిది. హిందువుగా ఉన్నప్పుడు నీ బతుక్కి నీ కర్మే కారణమన్నారు, క్రైస్తవుడయ్యాక పూర్వీకుల పాపం కారణమంటున్నారు, చుట్టూ ఉన్న సమాజం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు అని దాని సారం. ఈ మాట మన గూడేల్లో ఇవాళ ఇంకో రూపంలో బతికే ఉంది. బిడ్డకు జబ్బు తగ్గకపోతే నీ విశ్వాసం చాలలేదనే బోధకులు ఉన్నారు. మందులు మానెయ్యమనేవాళ్లూ ఉన్నారు. 2020లో కరోనా వచ్చి చర్చిలకు తాళాలు పడ్డప్పుడు, ఫోన్లోనే కూడికలు పెట్టి, ఎవరింట్లో బియ్యం అయిపోయాయో ఆ ప్రార్థనలోనే తెలుసుకుని చేర్చిన సంఘాలున్నాయి. అదే ఫోన్లో ఇది మన పాపానికి శిక్ష అని భయపెట్టినవాళ్లూ ఉన్నారు. ప్రార్థన ఒకటే, సమాధానం మాత్రం రెండు రకాలు. ఒకటి పక్కింటి గిన్నె చూస్తుంది, ఇంకొకటి బాధపడేవాడినే ముద్దాయిని చేస్తుంది. పైగా మాలలకొక గుడి, మాదిగలకొక గుడి ఉన్న ఊళ్లు ఎన్నో. ఒకే బల్ల దగ్గర రొట్టె తిని, పెళ్లి దగ్గరికొచ్చేసరికి కులం అడిగే విశ్వాసులకు ఎంత ఉపవాసం ఉన్నా ఏం లాభం? 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ మొదలుపెట్టిన ఆలోచన తర్వాత దళిత వేదాంతమైంది. అది సెమినరీ పిల్లలకు పాఠమైనంతగా పల్లె ప్రార్థనలోకి దిగలేదు.

రాజ్యం కూడా ఈ ప్రార్థనకు ఒక ధర కట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవ దళితులు బయటే ఉన్నారు. మన దగ్గర వాళ్లు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తీసెయ్యమని చెప్పింది, జరగలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న ఒక దళితుడు అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసు చెల్లదంది. ఊరు అతన్ని ఏ కులం పేరుతో తిట్టిందో ఆ కులం అతనికి లేదని కోర్టు చెప్పినట్టయింది. ఫలితం గూడెంలో కనపడుతూనే ఉంది. బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. బాప్తిస్మం తీసుకున్నా ఎక్కడా రాయించుకోని కుటుంబాలు. మేం కూర్చున్న స్త్రీల కూడికల్లో ప్రార్థన అంశాలు ఒక్కొక్కటిగా పేరుతో సహా చదువుతారు: ఫలానా అక్క ఆపరేషను, ఫలానా తమ్ముడి డీయస్సీ పరీక్ష, ఫలానా వాళ్ల ఇంటిస్థలం పట్టా. కులం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసుకు పోయే పిల్లవాడి వంతు వచ్చేసరికి మాత్రం పేరు చదవరు. "ఒక బిడ్డ కోసం" అని గొంతు తగ్గించి ప్రార్థన చేస్తారు, అందరూ ఆమెన్ అంటారు.