పిల్లల ఉబ్బసము – పడని ఆహారము

ఉబ్బసంతో బాధపడే బిడ్డను ఎత్తుకొని వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది మందు గురించి కాదు, పథ్యం గురించి. "పెరుగు మానిపించాము సార్, అరటిపండు మానిపించాము, శెనక్కాయలు ముట్టనివ్వడం లేదు. ఇంకా ఏమేమి మానిపించమంటారు?" అని అడుగుతారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో పిల్లల వైద్యునిగా పనిచేస్తూ ఈ ప్రశ్నను నేను లెక్కలేనన్ని పర్యాయములు విన్నాను. ఆ బిడ్డను తూకం వేసి చూస్తే తరచుగా వయసుకు తగిన బరువు ఉండదు. ఆయాసం తగ్గలేదు, ఆహారం మాత్రం తగ్గిపోయింది.

ఉబ్బసం, ఆహారం పడకపోవడం అనేవి రెండు వేర్వేరు బాధలు. కొందరు పిల్లలలో రెండూ కలిసి ఉండవచ్చును గాని, ఉబ్బసమున్న పిల్లలలో ఎక్కువమందికి ఏ ఆహారమూ శత్రువు కాదు. నిజంగా ఆహారం పడనివారిలో ఆ సంగతి దాచినా దాగదు. తిన్న కొద్ది నిమిషాలలో, లేదా రెండు గంటలలోపు, ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, పెదవులు, కళ్ళు వాస్తాయి, వాంతి అవుతుంది. అదే పదార్థం తిన్న ప్రతిసారీ ఇదే జరుగుతుంది. నిన్న పెరుగన్నం తిన్నాడు, నేడు దగ్గాడు అన్నది దానికి రుజువు కానేరదు.

కొందరు బెంగళూరు వెళ్ళి, వేలాది రూపాయలు వెచ్చించి, పదుల కొద్దీ పదార్థాలకు రక్తపరీక్ష చేయించి, ఆ పట్టికను తెచ్చి చూపుతారు. ఆ పరీక్షలో గుర్తు కనబడినంత మాత్రాన ఆ పదార్థం పడదని అర్థం కాదు. కర్ణాటకలో పెద్దవారిపై జరిగిన ఒక విస్తృత పరిశీలనలో సుమారు నాలుగోవంతు మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి గుర్తు కనబడగా, నిజంగా ఆహారం పడనివారు నూటికి ఒక్కరు మాత్రమే తేలారు. పరీక్షను చూసి కాక, బిడ్డను చూసి పథ్యం నిర్ణయించాలి.

వేరుశనగ మన నేల పంట గనుక దాని సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. పాశ్చాత్య దేశాలలో ఈ గింజ పడని పిల్లలు చాలామంది ఉన్నారు. 2000వ సంవత్సరంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అటువంటి ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్ళు నిండేవరకు వేరుశనగ పెట్టవద్దని సలహా ఇచ్చింది. అయినా బాధ తగ్గలేదు. లండన్‌లో పెరిగే యూదుల పిల్లలలో ఈ బాధ ఇజ్రాయెల్‌లోని యూదుల పిల్లలకంటె దాదాపు పదిరెట్లు ఎక్కువగా ఉన్నదని అక్కడి వైద్యులు గమనించారు. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలకు వేరుశనగతో చేసిన చిరుతిండి తొలి ఏడాదిలోనే పెట్టడం వాడుక. దీనిని పరీక్షించుటకు లండన్‌లో తీవ్రమైన తామర గాని, గుడ్డు పడకపోవడం గాని ఉన్న 640 మంది పసిపిల్లలను ఎంచుకొని, కొందరికి వేరుశనగ పెడుతూ, కొందరికి పూర్తిగా మానిపించి, ఐదేళ్ళ వయసు వరకు గమనించారు. 2015లో ఫలితం వెలువడింది. మానిపించినవారిలో నూటికి పదిహేడుగురికి వేరుశనగ పడకుండా పోగా, తింటూ వచ్చినవారిలో ముగ్గురికి మాత్రమే అలా జరిగింది. భయపడి దూరం పెట్టడమే కీడు చేసింది. ఆనాటి సలహాను 2008లోనే ఉపసంహరించుకున్నారు గాని, ఆ భయం ఇప్పటికీ మన ఊళ్ళలో తిరుగుతూనే ఉన్నది.

కనుక ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తరువాత ఉగ్గుతోపాటు క్రమంగా పప్పు, పెరుగు, తినే ఇండ్లలో గుడ్డు, మెత్తగా పొడి చేసి జావలో కలిపిన వేరుశనగ పెట్టవచ్చును. గింజలను గింజలుగా ఐదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వరాదు, గొంతులో, ఊపిరిగొట్టంలో ఇరుక్కుంటాయి. తీవ్రమైన తామర ఉన్న బిడ్డకు మాత్రం వైద్యుని అడిగిన పిమ్మటే మొదలుపెట్టాలి.

ఇక నిజంగా పడని పిల్లల సంగతి. పులిహోరలో వేరుశనగ, చక్కెరపొంగలిలో, లడ్డులో జీడిపప్పు, పంచామృతంలో పాలు ఉంటాయి. ప్రసాదాన్ని కాదంటే అపచారమేమోనన్న జంకుతో కొందరు తల్లులు ఒక్క ముద్ద నోట పెడుతుంటారు. కళ్ళకద్దుకొని పెద్దవారికి ఇచ్చివేస్తే స్వామికి అపచారమేమీ లేదని నా విశ్వాసం. అన్నదానం చేయించే దాతలు ఆనాటి వంటలలో పాలు, వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు ఏవి పడినవో వడ్డనశాల వద్ద ఒక పలకపై వ్రాయిస్తే, అదీ సేవయే. పొరపాటున తిని బిడ్డకు ఊపిరి అందకపోయినా, గొంతు బొంగురుపోయినా, స్పృహ తప్పుతున్నా దద్దుర్ల బిళ్ళ వేసి వేచి ఉండరాదు. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి, నడిపించరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ సూదిమందే అప్పుడు ప్రాణం నిలుపుతుంది.

ఉబ్బసాన్ని రేపేవి మన పళ్ళెంలో కంటె మన గాలిలోనే ఎక్కువ. బీడీ, సిగరెట్టు పొగ, దోమల చుట్ట, మూసిన గదిలో వెలిగించే అగరుబత్తి, సాంబ్రాణి, హోమధూమం, హిందూపురం మిరపకాయల మండీల ఘాటు, బీడుభూములలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి ఇందుకు కారణాలు. పట్టుగూళ్ళు ఆడే ఇండ్లలోని దుమ్ము, సీతాకోకల రెక్కల పొడి వలన ఉబ్బసం రాగలదని రీలింగ్ పనివారిలో వైద్యులు ఏనాడో గుర్తించారు. జీవనోపాధిని మానమని ఎవరమూ చెప్పలేము. చంద్రికలున్న గదిలో బిడ్డను పడుకోబెట్టకుండా ఉండగలము. పూజ వేళ కిటికీ తెరచి ఉంచగలము.

మందు విషయంలో పంపు అంటే చాలామందికి భయం. అలవాటైపోతుందని, అది ఆఖరి మందని అనుకుంటారు. లెక్క చూడండి. సాల్బుటమాల్ బిళ్ళలో రెండు మిల్లీగ్రాములు, అనగా 2000 మైక్రోగ్రాములు ఉంటే, పంపు ఒక్క నొక్కుకు ఇచ్చేది 100 మైక్రోగ్రాములే. అది నేరుగా ఊపిరితిత్తికి చేరుతుంది. ఇది ఆయాసం వచ్చినప్పటి మందు. రాకుండా కాపాడే పంపు వేరు, దానిని బిడ్డ హాయిగా ఉన్న రోజులలోనూ వాడాలి. పిల్లికూతలు ఆగగానే దానిని మానివేయడం వల్లనే నేను చూసిన బిడ్డలలో చాలామంది అర్ధరాత్రి ఆసుపత్రి చేరారు. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేపమందు వేయించేవారు మన వైపూ ఉన్నారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి వైద్యపరమైన రుజువు లేదు. ఎవరి నమ్మకం వారిది, పంపు మాత్రం ఆపవద్దు.

చిన్నపిల్లలకు పంపును స్పేసర్ అనే గొట్టంతో ఇవ్వాలి. అది కొనలేనివారు అధైర్యపడనక్కరలేదు. అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి పట్టేంత రంధ్రం చేసి వాడితే అదీ చక్కగా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లో చూపించారు. ఎలా చేయాలో మీ వైద్యుని వద్ద ఒకసారి చేయించుకొని చూడండి.

పెనుకొండ కొండ గాని, అలిపిరి మెట్లు గాని ఎక్కించే ముందు, పరుగెత్తితే ఆయాసపడే బిడ్డకు వైద్యుడు చెప్పి ఉంటే పదిహేను నిమిషాల ముందుగా పంపు ఇవ్వండి. ఆ పంపును బస్సులోని సంచిలో కాక మీ చేతిలో ఉంచుకోండి.