తాగనివారి రక్తంలో మద్యం జాడ

విశాఖపట్నంలో ఓడరేవు క్రేన్ నడిపేవారైనా, ఉక్కు కర్మాగారంలో ద్రవలోహం నిండిన లాడిల్‌ను కదిలించేవారైనా మత్తులో లేరన్న నమ్మకం మీదే పక్కవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. నావికుల శిక్షణ, అర్హతల అంతర్జాతీయ ఒప్పందానికి 2010లో చేసిన మనీలా సవరణలు వారి రక్తంలో మద్యానికి 0.05 శాతం పరిమితి విధించగా, మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములకు మించితే శిక్షార్హమంటుంది. ఈ కట్టుబాట్లు అవసరమైనవే. కానీ పరీక్ష పొరబడితే, మద్యం ముట్టని మనిషికి కొలువూ పరువూ రెండూ పోతాయి.

కొన్ని పరీక్షలు రక్తంలోని మద్యాన్ని నేరుగా కొలుస్తాయి. బయోమార్కర్ పరీక్షలు తాగుడు వల్ల శరీరంలో మిగిలే గుర్తులను వెతుకుతాయి. వీటిలో జీజీటీ అనే కాలేయ ఎంజైము ఎంత ప్రసిద్ధమో అంత నమ్మరానిది. స్థూలకాయం, మధుమేహం, కొవ్వు పట్టిన కాలేయం, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ మాత్ర, వీటిలో ఏదున్నా అది పెరగవచ్చు. ఎర్రరక్తకణాల సగటు పరిమాణం తెలిపే ఎంసీవీ బి12 విటమిన్ లోపంలోనూ ఎక్కువగా కనిపిస్తుంది కనుక, చుక్క ముట్టని శాకాహారి మీదా అనుమానం పడవచ్చు. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రొటీనులో చక్కెర గొలుసులు తగ్గిన రూపమే సీడీటీ. ఇది మెరుగైన సూచికే అయినా, పుట్టుకతో వచ్చే ప్రొటీను తేడాలు, ముదిరిన కాలేయ వ్యాధి దీన్నీ తప్పుదారి పట్టిస్తాయి. మద్యం ఉంటేనే ఎర్రరక్తకణాల పొరలో తయారయ్యే పెత్ అనే పదార్థం వీటన్నిటికంటే నమ్మదగినది. అయితే ఇటీవల రక్తం ఎక్కించుకున్న రోగిలో దాత తాగిన మద్యం గుర్తు కనిపించవచ్చు.

నేరుగా కొలిచే పరీక్షలో చిక్కులు నమూనా తీసే బల్ల దగ్గరే మొదలవుతాయి. చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిస్తే ఫలితం వివాదానికి లోనవుతుంది గనుక, మద్యం కలవని క్రిమినాశకమే వాడాలి. నమూనాలో ఈస్ట్ చేరి, పులియకుండా కాపాడే సోడియం ఫ్లోరైడ్ చాలినంత లేక, గొట్టం ఎండ వేడిలో నిలవ ఉంటే, రక్తంలోని చక్కెర పులిసి మద్యం అక్కడే పుడుతుంది. ఆసుపత్రుల్లో త్వరగా తేల్చే ఎంజైము పద్ధతిలో, తీవ్రంగా గాయపడినవారి రక్తంలో లాక్టేటు, ఎల్‌డీహెచ్ ఎంజైము రెండూ బాగా పెరిగితే లేని మద్యం ఉన్నట్టు చూపే ప్రమాదముంది. ఆవిరైన పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీకి ఈ పొరపాటు లేదు.

ఎవరి దృష్టికీ అంతగా రాని తేడా మరొకటుంది. కణాలు తీసేసిన సీరంలో నీటి పాలు ఎక్కువ కాబట్టి అందులో మద్యం అంకె పూర్తి రక్తంలో కంటే సుమారు 15 శాతం ఎక్కువగా వస్తుంది. పూర్తి రక్తంలో 27 మిల్లీగ్రాములున్న మనిషికి సీరంలో 31 కనిపించి చట్టపు గీత దాటినట్టవుతుంది. అందుచేత ఏ నమూనాను ఏ పద్ధతిలో కొలిచారో నివేదికలో రాయాలి, ఉద్యోగి కోరితే గ్యాస్ క్రొమటోగ్రఫీకి పంపేందుకు రెండో గొట్టాన్ని సీలు వేసి చల్లగా దాచి ఉంచాలి.