వడ్ల కుప్ప పక్కన అర్థశాస్త్రం

సోమవారం మీటింగులో ఎడిటర్ గారు ఒక చీటీ నా ముందుకు జరిపారు. "చలికాలం షికార్లు, బిజినెస్ పుస్తకాలు. ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి పేజీ వెళ్లాలి." డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, ఆ వెంటనే సంక్రాంతి సెలవులు. కుర్రకారు డబ్బు పుస్తకాలు తెగ చదువుతున్నారు కదా అని ఆయన లెక్క. ఆ తరహా పుస్తకాలు నా అల్మారాలోనూ ఏడున్నాయి. ఏడింటిలోనూ గుర్తు పెట్టుకున్న కాగితం మూడో అధ్యాయం దగ్గరే ఆగిపోయింది. అందుకే మనాలీ, అరకు జోలికి పోకుండా ఒకే ఊరు, ఒకే పుస్తకం అనుకున్నాను. ఊరు పాలకుర్తి. పుస్తకం కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన 'వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు'. 1972లో మొదట ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని అందరూ రాజకీయాల అరలో పెడతారు. నేను చదివింది మాత్రం లెక్కల పుస్తకంగా.

జనగామలో రైలు దిగి పాలకుర్తి దారి పట్టేసరికి మంచు ఇంకా విడవలేదు. రోడ్డులో సగం బండ్లకు, సగం వడ్లకు. టార్పాలిన్ల మీద ఆరబోసిన వడ్లను ఆడవాళ్లు కాళ్లతో తిరగేస్తున్నారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. సన్నాలకైతే రాష్ట్ర ప్రభుత్వం పైన 500 బోనస్ ప్రకటించింది. ఈ అంకెలు అక్కడ ఎవరినీ అడగక్కర్లేదు, చాయ్ హోటల్లో కూర్చుంటే వాటంతట అవే చెవిన పడతాయి.

సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుట్టెక్కి, ఎండ పడే బండ చూసుకుని పుస్తకం తెరిచాను. విసునూరు ఇక్కడికి దగ్గరే. నిజాం కాలంలో అక్కడి భూస్వామి, దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉండేవని సుందరయ్య రాశారు. వెట్టి గురించి ఆయన కులాలవారీగా చెప్పుకొస్తారు. చాకలివాళ్లు దొరల ఇళ్లలో బట్టలు ఉతకాలి, గిన్నెలు తోమాలి, అధికారి ఊళ్లో దిగితే మంచాలు మోయాలి. కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి, గీతకార్మికుడు కల్లు పోయాలి, నేతగాడు బట్ట ఇవ్వాలి. ఆ పేజీని దౌర్జన్యాల చిట్టాగా ఇదివరకు రెండుసార్లు చదివాను. ఈసారి పెన్సిలు తీసుకుని మార్జిన్లో పద్దు రాశాను. కూలి ఖర్చు: సున్నా. రవాణా: సున్నా. అతిథి మర్యాదలు: సున్నా. మిగిలింది రాబడే. దానికి తోడు నాగు. కరువు నెలల్లో గింజలు అప్పు తెచ్చుకుంటే పంటకు బస్తాకి బస్తన్నర కొలవాలి. ఖర్చులు ఇంతలా తగ్గించిన కంపెనీ గురించి నా ఏడు పుస్తకాల్లో దేనిలోనూ లేదు.

ఇక చాకలి ఐలమ్మ. పాలకుర్తి మనిషి. మల్లంపల్లి మక్తాదారు దగ్గర కౌలుకు పట్టిన నేలలో నాలుగెకరాలు సాగు చేస్తోంది. నేల దేశ్‌ముఖ్‌ది కాదు, కౌలు ఆయనకు కట్టేదీ కాదు. అయినా ఆ పంట కోసుకురమ్మని ఆయన మనుషుల్ని పంపాడు. నూరు మంది గూండాలు, కోతకు మరో నూరు మంది ఆడామగా వచ్చారనీ, ఎదురు నిలిచిన ఆంధ్రమహాసభ సంగం వాళ్లు 28 మందేననీ సుందరయ్య లెక్క. గూండాలు పారిపోయారు. పంట ఐలమ్మ ఇంటికే చేరింది.

ఇక్కడే ఆగిపోయాను. నలభై వేల ఎకరాల ముందు నాలుగెకరాలంటే పదివేలలో ఒక వంతు. ఆ గింజలు ఆయన గాదెలకు ఒక లెక్కలోవే కావు. మరి ఇన్నూరు మంది ఎందుకు? డేవిడ్ రికార్డో 1817లో కౌలు గురించి రాసింది గుర్తొచ్చింది. మంచి నేలకూ నాసి నేలకూ దిగుబడిలో తేడాయే భూస్వామికి కౌలుగా ముడుతుందన్నాడాయన. పాలకుర్తిలో కౌలు పుట్టింది నేల సారంలోంచి కాదు, భయంలోంచి. ఒక మనిషి కొలవనంటే అది ఒక్క పొలం నష్టం కాదు. రేపు కుమ్మరి కుండ ఇవ్వడు, ఎల్లుండి గొల్ల గొర్రెనివ్వడు. పద్దులోని సున్నాలన్నీ అంకెలైపోతాయి. దేశ్‌ముఖ్ లెక్క తెలియని మనిషి కాదు, బాగా తెలిసినవాడు. 1946 జూలై 4న పక్కనే కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు బలయ్యాడు. ఆ తర్వాత లెక్కే మారిపోయింది.

(ఊరి ప్రాచీన చరిత్రకు నాకు మిగిలిన జాగా ఇంతే: పాల్కురికి సోమనాథుడి ఊరు ఇది. బసవపురాణం ద్విపదలో రాశాడు, అందులో బట్టలుతికే మడివాలు మాచయ్యను భక్తుల వరసలో నిలబెట్టాడు. సోమనాథుడు ఏకరువు పెట్టిన బట్టల పేర్లలో చీని, మహాచీని కూడా ఉన్నాయి, అప్పటి వ్యాపారానికి అదో ఆనవాలు. పోతన బమ్మెర ఇదే మండలం. భాగవతాన్ని రాజుకు అంకితమియ్యక నాగలే నమ్ముకున్నాడని ఐతిహ్యం. మాచయ్య కథ రాసిన కవి ఊళ్లోనే ఐలమ్మ బతికిందన్న సంగతి ఎవరైనా పెద్దగా రాయాలి.)

గుట్ట దిగాక వడ్ల కుప్ప పక్కన కాపలా కూచున్న కౌలు రైతుతో మాట కలిసింది. ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సాయం వస్తోందా అని అడిగాను. "పాసుబుక్కు పటేలు పేరున్నది సార్. పైసలు ఆయన ఖాతల పడ్తయ్. వడ్లకు కావలి మాత్రం నేనుంట" అని నవ్వాడు. హైదరాబాద్ రాష్ట్రం 1950లోనే కౌలుదారీ చట్టం తెచ్చింది. రక్షిత కౌలుదార్లనే మాట, కౌలుదారును నేలకు యజమానిని చేసే 38-ఇ పట్టాలు అందులోంచి వచ్చినవే. ఎకరానికి ఏడాదికి 12 వేల భరోసా మాత్రం పాసుపుస్తకాన్ని వెతుక్కుంటూ వెళుతోంది, దున్నే మనిషిని కాదు. ఇది చిన్న లోపమని నేననుకోను. పథకానికి గుండెకాయ దగ్గరే ఉన్న లోపం.

ఇలా వెళ్లొచ్చు

సికింద్రాబాద్–కాజీపేట దారిలో జనగామ స్టేషన్. అక్కడి నుంచి పాలకుర్తికి బస్సులున్నాయి. సోమేశ్వరుడి గుట్ట, బమ్మెర, వల్మిడి రామాలయం ఒక్క రోజులో తిరిగేయొచ్చు. జనగామకు దగ్గర్లోనే పెంబర్తి. ఇత్తడి రేకు మీద శిల్పం ఎలా తేలుతుందో చూడాలంటే గంట మిగుల్చుకోండి. కార్తీకమైతే వనభోజనాలకు వచ్చేవాళ్లతో సందడిగా ఉంటుంది. చదువుకోవాలంటే పుష్యమాసం మేలు.

సంచిలో మరొకటి

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2011లో రాసిన 'పూర్ ఎకనామిక్స్'. హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాల మీద చేసిన పరిశోధన అందులో ఉంది. అప్పు దొరికితే చాలు పేదరికం పోతుందన్న ప్రచారాన్ని అది నెమ్మదిగా దించుతుంది. మూడో అధ్యాయం దాటి చదివించే పుస్తకం.

ఒక్క మనవి. పాలకుర్తి దారిలో వడ్లు ఆరబోసి కనిపిస్తే కారు వేగం తగ్గించి, కొంచెం పక్కగా పోనివ్వండి. టైరు కింద నలిగిన గింజకు కాంటా దగ్గర ధర పలకదు.